ఆఫీసులో నెట్ ఉన్నా సైట్లు రావట్లేదా? ఎక్కడ తెగిందో వరుసగా వెతికే పద్ధతి

"నెట్ రావట్లేదు" అని ఫోన్ రాగానే చాలామంది నేరుగా రూటర్ దగ్గరికెళ్లి స్విచ్ తీసి మళ్లీ వేస్తారు. ఒక్కోసారి అది పనిచేస్తుంది కూడా. కానీ ఎందుకు పోయిందో చెప్పే ఆనవాళ్లు దాంతోపాటే చెరిగిపోతాయి. రెండు రోజులకు అదే ఫోన్ మళ్లీ వస్తుంది.

అందుకే ఇక్కడ రూటర్ రీస్టార్ట్‌ను చివర్లో పెట్టాను. పది నుంచి యాభై దాకా కంప్యూటర్లున్న, ఎక్కువగా విండోస్ వాడే ఆఫీసును దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. నల్లటి కమాండ్ ప్రాంప్ట్ తెర తెరవడం వస్తే చాలు.

## 1. ముందు అడగండి, తర్వాత ముట్టుకోండి

సీటు దగ్గరికి వెళ్లకముందే, ఫోన్‌లోనే ఇవి అడగండి:

- పక్క సీటు వాళ్లకు వస్తోందా?
- ఏ సైటూ రావట్లేదా, ఒక్కటే రావట్లేదా?
- ప్రింటర్, సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్లు పనిచేస్తున్నాయా?
- కేబుల్ మీద ఉన్నారా, వైఫై మీదా?
- తెర మీద ఏమని వచ్చింది? (ఫోటో తీసి పంపమనండి. "ఏదో ఎర్రర్" అంటే ఏమీ తెలియదు.)

ఈ జవాబులతోనే సగం పని అయిపోతుంది. ఒక్కరికే ఏ సైటూ రాకపోతే తప్పు ఆ కంప్యూటర్లోనో దాని కేబుల్‌లోనో ఉంటుంది. ఒకే వరుసలో నలుగురికి పోతే ఆ వరుసకు వెళ్లే నెట్‌వర్క్ స్విచ్‌ను (కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) అనుమానించాలి. అందరికీ సైట్లు పోయినా ప్రింటర్, ఫోల్డర్లు బాగానే ఉంటే లోపలి నెట్‌వర్క్‌లో ఇబ్బంది లేనట్టే, రూటర్ నుంచి బయటికి చూడాలి.

ఒక్క సైటే రాకపోతే ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద తెరిచి చూడండి. అక్కడా రాకపోతే అది ఆ సైటు గొడవ, మీరు చేయగలిగింది లేదు. ఫోన్‌లో వచ్చి ఆఫీసులో రాకపోతే ఫైర్‌వాల్ (ఏది లోపలికి, బయటికి వెళ్లాలో చూసే కాపలా) గానీ డీఎన్ఎస్ (సైటు పేరును నంబరుగా మార్చేది) గానీ అడ్డుపడుతోంది.

"ఏమైనా మార్చారా?" అని మాత్రం అడక్కండి. ఎప్పుడూ "ఏమీ మార్చలేదు" అనే జవాబే వస్తుంది. "కొత్తగా ఏదైనా ప్లగ్ పెట్టారా? టేబుళ్లు జరిపారా? ఎవరైనా వచ్చి కెమెరాలు గానీ ప్రింటర్ గానీ బిగించి వెళ్లారా?" అని అడిగితే అసలు విషయం బయటపడుతుంది.

## 2. దగ్గర ఉంచుకోవాల్సినవి

నెట్ పోయాక వీటిని వెతుక్కుంటే టెన్షన్ తప్ప మిగిలేది ఉండదు. అంతా బాగున్న రోజే సిద్ధం చేసి పెట్టుకోండి.

- పనిచేస్తుందని కచ్చితంగా తెలిసిన నెట్‌వర్క్ కేబుల్ ఒకటి
- కేబుల్ పెట్టుకునే వీలున్న లాప్‌టాప్
- రూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు), లాగిన్ వివరాలు
- డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు తనంతట తానే ఐపీ అడ్రస్‌లు పంచే ఏర్పాటు) ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా అడ్రస్‌లు ఇస్తోందో
- ఆఫీసు వాడే డీఎన్ఎస్ అడ్రస్‌లు
- కనెక్షన్ ఇచ్చిన కంపెనీ దగ్గర మీ కస్టమర్ నంబరు, పీపీపీఓఈ (లాగిన్ అయితేనే నెట్ ఇచ్చే కనెక్షన్ పద్ధతి) ఉంటే దాని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్

ఇంకొకటి. బాగా పనిచేస్తున్న కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ /ఆల్ (ipconfig /all) కొట్టి, వచ్చిన తెరను ఫోటో తీసి ఉంచుకోండి. తేడా వచ్చిన రోజు పక్కన పెట్టి పోల్చడానికి అంతకు మించింది లేదు. ఈ వివరాలన్నీ కాగితం మీదే ఉండాలి. క్లౌడ్‌లో దాచుకుంటే నెట్ పోయినప్పుడు అవి కూడా అందవు.

## 3. కేబుల్, లైటు, స్విచ్

చిన్నతనం అనుకోకుండా కిందికి వంగి చూడండి. కుర్చీ చక్రం కింద నలిగిన కేబుళ్లు నేను చాలానే చూశాను.

- కంప్యూటర్ వెనక పోర్టు దగ్గర లైటు వెలుగుతోందా?
- కేబుల్ క్లిప్ విరిగిందా? లాగితే ఊడివస్తోందా?
- అదే కేబుల్‌ను స్విచ్‌లో వేరే పోర్టుకు మారిస్తే వస్తోందా?
- తెలిసిన మంచి కేబుల్ పెడితే వస్తోందా?

ఒక్కోసారి ఒక్కటే మార్చండి. కేబుల్, పోర్టు రెండూ కలిపి మారిస్తే నెట్ వచ్చినా ఏది పాడైందో తెలియదు. ఆ పాత కేబుల్ వారం తర్వాత ఇంకో సీటు దగ్గర తేలుతుంది.

లైటు వెలుగుతున్నా నెట్ నత్తనడక నడుస్తుంటే నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్‌లో లింక్ స్పీడ్ చూడండి. గిగాబిట్ స్విచ్‌కు, గిగాబిట్ కార్డుకు మధ్య 100 ఎంబీపీఎస్ అని కనిపిస్తే కేబుల్‌ను అనుమానించాలి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. 100కు అక్కర్లేని జతల్లో ఒకటి తెగితే చాలాసార్లు లింక్ పోదు, వేగం పడిపోతుంది. అందుకే ఎవరూ కేబుల్‌ను అనుమానించరు. స్విచ్ నుంచి సీటు దాకా పొడవు 100 మీటర్లు దాటకూడదని కూడా గుర్తుంచుకోండి.

స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటూ, అందరికీ నెట్‌తోపాటు ప్రింటర్ కూడా పోతే అది లూప్ కావచ్చు. అంటే ఎవరో వేలాడుతున్న కేబుల్ కొసను చూసి, ఖాళీగా ఉందని అదే స్విచ్‌లో గుచ్చారన్నమాట. ఒక్కో కేబుల్ తీస్తూ రండి. లైట్లు ఏది తీయగానే నెమ్మదిస్తాయో అదే దొంగ.

## 4. ఐపీ అడ్రస్ చూడండి, ఇక్కడే ఎక్కువసేపు ఆగండి

కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టండి. ఐపీవీ4 అడ్రస్, డీఫాల్ట్ గేట్‌వే (బయటికి వెళ్లే దారి, అంటే మీ రూటర్ నంబరు), డీహెచ్‌సీపీ సర్వర్, డీఎన్ఎస్ సర్వర్స్ అనే నాలుగు వరుసలు చూస్తే చాలు.

అడ్రస్ 169.254తో మొదలైతే: కంప్యూటర్ అడ్రస్ కోసం అడిగింది, ఎవరూ ఇవ్వలేదు, తనే ఒకటి పెట్టుకుంది. దీంతో బయటికి వెళ్లలేదు. కేబుల్ బాగుంటే ఐపీకాన్ఫిగ్ /రిలీజ్ (ipconfig /release), ఆ తర్వాత ఐపీకాన్ఫిగ్ /రెన్యూ (ipconfig /renew) కొట్టండి. అయినా రాకపోతే రూటర్‌లో డీహెచ్‌సీపీ పేజీ తెరవండి. 192.168.1.100 నుంచి 150 దాకా అని ఉంటే 51 అడ్రస్‌లే ఉన్నట్టు. ముప్పై కంప్యూటర్లు, అందరి ఫోన్లు, నాలుగు ప్రింటర్లు కలిస్తే అవి అయిపోవడానికి ఎంతోసేపు పట్టదు. పొద్దున్నే వచ్చినవాళ్లకు నెట్ వచ్చి, పదకొండింటికి వచ్చినవాళ్లకు రాకపోతే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. పూల్ (పంచే నంబర్ల వరుస) పెంచండి, లీజు సమయం (ఇచ్చిన నంబరు ఎంతసేపు ఒకరి దగ్గరే ఉంటుందో) తగ్గించండి, ఫోన్లకు గెస్ట్ వైఫై వేరుగా పెట్టండి.

"ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్" అని వస్తే: రెండు పరికరాలకు ఒకే నంబరు పడింది. ఎవరో ప్రింటర్‌కో కెమెరా రికార్డర్‌కో చేత్తో ఇచ్చిన నంబరు, డీహెచ్‌సీపీ పంచే నంబర్లలోదే అయి ఉంటుంది. చేత్తో ఇచ్చేవన్నీ పూల్ బయట ఉండాలి. రూటర్‌లో రిజర్వేషన్ (ఆ పరికరానికి ఎప్పుడూ ఒకే నంబరు ఇమ్మని చెప్పడం) పెడితే ఇంకా మంచిది.

అన్నిటికన్నా గడ్డు కాన్‌ఫ్లిక్ట్ గేట్‌వే నంబరుతో వచ్చేది. కొత్తగా తెచ్చిన యాక్సెస్ పాయింట్ (వైఫై పంచే పెట్టె) 192.168.1.1 అనే నంబరుతోనే రావచ్చు. మీ రూటర్‌దీ అదే అయితే అందరికీ నెట్ వస్తూ పోతూ ఉంటుంది. బాగున్న కంప్యూటర్లోనూ, బాగోలేని కంప్యూటర్లోనూ ఏఆర్‌పీ -ఏ (arp -a) కొట్టి, గేట్‌వే నంబరు ఎదురుగా ఉన్న మ్యాక్ అడ్రస్ (ఒక్కో పరికరానికి ఉండే సొంత గుర్తింపు) పోల్చండి. రెండూ వేరుగా ఉంటే మీ గేట్‌వే పేరుతో ఇంకెవరో జవాబిస్తున్నారు.

గేట్‌వే వేరే నంబరు చూపిస్తే: దీని దగ్గర నేను సగం రోజు పోగొట్టుకున్నాను. ఒక ఆఫీసులో ఆరు కంప్యూటర్లకు సైట్లు రావట్లేదు, మిగతావాటికి వస్తున్నాయి. ఆరింటినీ రీస్టార్ట్ చేస్తే నాలుగు బాగయ్యాయి, కాసేపటికి బాగున్నవాటిలో ఇంకో మూడు పోయాయి. కనెక్షన్ కంపెనీకి రెండుసార్లు ఫోన్ చేసి గొడవ కూడా పడ్డాను. మధ్యాహ్నం ఎప్పుడో రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూస్తే, బాగున్నదాని గేట్‌వే 192.168.1.1, బాగోలేనిదాని గేట్‌వే 192.168.0.1. ఆ ఆఫీసులో 192.168.0తో మొదలయ్యే నెట్‌వర్క్ అనేదే లేదు.

బ్రౌజర్‌లో 192.168.0.1 అని కొట్టాను. ఇంట్లో వాడే వైఫై రూటర్ లాగిన్ పేజీ తాపీగా తెరుచుకుంది. మీటింగ్ రూమ్‌లో సిగ్నల్ అందట్లేదని ఎవరో ఇంటి నుంచి తెచ్చి, గోడలోని పోర్టుకు దాని లాన్ పోర్టుతో (లోపలి కంప్యూటర్లు పెట్టే పోర్టు) కలిపి, టేబుల్ కింద టేపుతో అంటించారు. అడిగినవాళ్లందరికీ అది కూడా అడ్రస్‌లు పంచుతోంది. ముందు ఎవరు జవాబిస్తే ఆ అడ్రస్ పడుతుంది. అందుకే రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఫలితం మారింది.

అలాంటిది దొరికితే వెంటనే తీసేయండి. తప్పనిసరిగా వాడాలంటే దానిలో డీహెచ్‌సీపీ ఆపేసి, మీ నెట్‌వర్క్‌లోనే పూల్ బయట ఒక నంబరు ఇచ్చి, యాక్సెస్ పాయింట్‌గా పెట్టండి. మేనేజ్‌డ్ స్విచ్ (సెట్టింగ్స్ మార్చుకునే వీలున్నది) ఉన్న ఆఫీసుల్లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (మీరు చెప్పినవాళ్లు తప్ప ఇంకెవరూ అడ్రస్‌లు పంచకుండా ఆపేది) ఆన్ చేస్తే ఈ తలనొప్పి మళ్లీ రాదు.

## 5. పింగ్: దగ్గర నుంచి దూరానికి

పింగ్ (ping) అంటే ఒక నంబరును పలకరించి జవాబు వస్తుందా అని చూడటం. మూడే మూడు, ఈ వరుసలోనే:

1. పింగ్ 192.168.1.1 (మీ గేట్‌వే నంబరు వేయండి)
2. పింగ్ 8.8.8.8 (బయట ఉన్న గూగుల్ డీఎన్ఎస్)
3. పేరుతో ఏదైనా పెద్ద సైటుకు పింగ్

127.0.0.1కు (కంప్యూటర్ తనను తాను పిలుచుకునే నంబరు) కూడా పింగ్ చేయమని చాలాచోట్ల రాస్తారు. అది విఫలమవడం నేనైతే చూడలేదు, వదిలేయండి.

మొదటిదే పోతే తప్పు లోపలే, 3, 4 మెట్లకు మళ్లీ వెళ్లండి. మొదటిది వచ్చి రెండోది పోతే రూటర్ గానీ కనెక్షన్ గానీ. రెండూ వచ్చి మూడోది పేరు దొరకలేదంటే డీఎన్ఎస్. మూడూ వచ్చి బ్రౌజర్‌లో మాత్రం రాకపోతే ప్రాక్సీ (మధ్యలో ఉండి సైట్లు తెచ్చిచ్చేది), బ్రౌజర్, యాంటీవైరస్ వైపు చూడాలి.

జవాబులో మాటలు కూడా చదవండి. "రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్" అంటే పంపింది కానీ తిరిగి ఏమీ రాలేదు. మీ సొంత అడ్రస్ నుంచే "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని వస్తే, ఆ నంబరుతో లోపలి నెట్‌వర్క్‌లో ఎవరూ పలకలేదని అర్థం.

ఒక జాగ్రత్త. కొన్ని ఆఫీసుల్లో ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపేస్తుంది. 8.8.8.8 పలకలేదని కనెక్షన్ పోయిందనుకోకండి. పవర్‌షెల్‌లో (విండోస్‌లోని ఇంకో కమాండ్ తెర) టెస్ట్-నెట్‌కనెక్షన్ (Test-NetConnection) కమాండ్‌కు సైటు పేరు, పోర్టు 443 (సైట్లు పలికే ద్వారం నంబరు) ఇచ్చి చూడండి. టీసీపీ టెస్ట్ ట్రూ అని వస్తే దారి తెరిచే ఉంది.

## 6. పేరు దొరకనప్పుడు: డీఎన్ఎస్

బ్రౌజర్ తెర మీద "ఎన్ఎక్స్‌డొమైన్" అనో "నేమ్ నాట్ రిజాల్వ్‌డ్" అనో కనిపిస్తే నేరుగా ఈ మెట్టుకు రావచ్చు.

ఎన్ఎస్‌లుకప్ (nslookup) అని కొట్టి సైటు పేరు ఇవ్వండి. తర్వాత అదే పేరుకు చివర 8.8.8.8 చేర్చి మళ్లీ కొట్టండి. మొదటిది విఫలమై రెండోది జవాబిస్తే మీ ఆఫీసు డీఎన్ఎస్ మొరాయిస్తోంది. రెండూ విఫలమైతే బయటి డీఎన్ఎస్‌ను ఫైర్‌వాల్ ఆపుతోందేమో చూడండి.

ఎన్ఎస్‌లుకప్‌లో సరైన అడ్రస్ వచ్చి, పింగ్‌లో వేరే అడ్రస్ వస్తోందా? ఎన్ఎస్‌లుకప్ నేరుగా సర్వర్‌ను అడుగుతుంది. పింగ్ మాత్రం ముందు కంప్యూటర్లో దాచుకున్న పాత జవాబులు, హోస్ట్స్ ఫైలు (పేర్లకు చేత్తో నంబర్లు రాసిపెట్టే ఫైలు) చూస్తుంది. కాబట్టి:

- ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్ (ipconfig /flushdns) కొట్టండి
- అయినా మారకపోతే సీ డ్రైవ్, విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్‌లోని హోస్ట్స్ ఫైలు తెరవండి
- # లేకుండా మొదలయ్యే లైన్లలో ఆ సైటు పేరుందేమో చూడండి

విసుగొచ్చి అందరి కంప్యూటర్లలో డీఎన్ఎస్‌గా 8.8.8.8 పెట్టేయడం చాలామంది చేసే తప్పు. విండోస్ డొమైన్ (అందరి లాగిన్లూ ఒకే సర్వర్ చూసుకునే ఏర్పాటు) ఉన్న ఆఫీసులో ఇది పెద్ద గండం. సైట్లు వస్తాయి, కానీ లోపలి సర్వర్ పేర్లు బయటి డీఎన్ఎస్‌కు తెలియవు. లాగిన్లు నెమ్మదిస్తాయి, షేర్డ్ ఫోల్డర్లు మాయమవుతాయి. దాన్ని రెండో డీఎన్ఎస్‌గా పెట్టినా సుఖం లేదు. ఎవరు ముందు "ఆ పేరు లేదు" అంటే విండోస్ ఆ మాటే నమ్ముతుంది, రెండోవాళ్లను అడగదు. కంప్యూటర్లలో ఆఫీసు డీఎన్ఎస్సే ఉంచి, ఆ సర్వర్‌లో ఫార్వర్డర్‌గా (తనకు తెలియని పేర్లు అడగడానికి) బయటి డీఎన్ఎస్ పెట్టండి.

అన్ని సైట్లూ వచ్చి ఆఫీసు లోపలి పేజీ మాత్రం ఒక్క బ్రౌజర్‌లోనే రాకపోతే, ఆ బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఆఫీసు డీఎన్ఎస్‌ను పక్కనపెట్టి బయట అడుగుతుంది.

## 7. పింగ్ బాగుంది, బ్రౌజర్ మొండికేసింది

- ఇన్‌కాగ్నిటో విండో: ఇందులో వస్తే ఎక్స్‌టెన్షనో పాత కుకీలో కారణం. ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి ఒక్కోటి ఆన్ చేయండి.
- వేరే బ్రౌజర్: అందులో వస్తే నెట్‌వర్క్ జోలికి వెళ్లక్కర్లేదు.
- ప్రాక్సీ: విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీ. మీ ఆఫీసులో ప్రాక్సీ లేకపోయినా అక్కడ 127.0.0.1 లాంటిది కనిపిస్తే, ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి వదిలేసింది. ఆపేసి యాంటీవైరస్ స్కాన్ చేయండి.
- వీపీఎన్ (వేరే నెట్‌వర్క్ గుండా దారి మళ్లించేది): ఇంటి నుంచి పనిచేసి లాప్‌టాప్ తెచ్చినవాళ్లను, అది ఆన్‌లో ఉందా అని ముందు అడగండి.
- గడియారం: సర్టిఫికెట్ తేదీ తప్పని ఎర్రర్ ఒక్క కంప్యూటర్లోనే వస్తే కుడి మూల తేదీ చూడండి. సర్టిఫికెట్లకు మొదలు, ముగింపు తేదీలుంటాయి, గడియారం వెనక్కి పోతే అన్నీ చెల్లనట్టే కనిపిస్తాయి. రోజూ తేదీ మారిపోతుంటే మదర్‌బోర్డ్ మీద బిళ్ల బ్యాటరీ అయిపోయింది. చాలా డెస్క్‌టాప్‌లలో అది సీఆర్2032.

ఎంతకీ లొంగకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్ (netsh winsock reset) కొట్టి కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. నెట్‌ష్ ఇంట్ ఐపీ రీసెట్ (netsh int ip reset) కూడా కొట్టాలనుకుంటే ముందు చేత్తో పెట్టిన ఐపీ, డీఎన్ఎస్ నంబర్లు రాసుకోండి. అవి చెరిగిపోవచ్చు.

## 8. కొన్ని సైట్లు వస్తాయి, కొన్ని సగంలో ఆగుతాయి

డీఎన్ఎస్ బాగుంది, పింగ్ బాగుంది, కానీ కొన్ని పేజీలు తెల్లగా తిరుగుతూ ఉండిపోతాయి. అందరికీ ఇలాగే ఉంటే ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పంపగల అతి పెద్ద సైజు) చూడండి. మామూలు ఈథర్నెట్‌లో ప్యాకెట్ పరిమితి 1500 బైట్లు. పీపీపీఓఈ కనెక్షన్‌లో 8 బైట్లు దానికే పోతాయి, 1492 మిగులుతుంది.

పింగ్ -ఎఫ్ -ఎల్ 1472 1.1.1.1 (ping -f -l 1472 1.1.1.1) కొట్టండి. ఫ్రాగ్మెంట్ చేయాలనో, టైమ్‌డ్ అవుట్ అనో వస్తే 1472ను పదేసి తగ్గిస్తూ రండి. జవాబు వచ్చిన చోట నుంచి ఒక్కోటి పెంచి, వెళ్లే అతి పెద్ద సంఖ్య పట్టుకోండి. దానికి 28 కలపండి. 1464 దగ్గర ఆగితే 1492. రూటర్‌లో వాన్ (బయటి కనెక్షన్) సెట్టింగ్స్‌లో ఆ సంఖ్య పెట్టండి, కంప్యూటర్లలో మార్చక్కర్లేదు.

## 9. అందరికీ వస్తోంది కానీ స్లో

రెండు విండోలు తెరవండి. ఒకదాంట్లో గేట్‌వేకు, ఇంకోదాంట్లో 8.8.8.8కు పింగ్ -టీ (ping -t, ఆపేదాకా ఆగకుండా పంపేది) పెట్టి ఐదు నిమిషాలు చూడండి. ఆపడానికి కంట్రోల్, సీ.

కేబుల్ మీద గేట్‌వే జవాబు 1 మిల్లీసెకను దగ్గరే ఉండాలి. అదే ఎగిరిపడితే లోపలి గొడవ. గేట్‌వే నిలకడగా ఉండి బయటిది 20 నుంచి 400కు దూకుతుంటే లైన్ నిండిపోయింది. చాలాసార్లు నిండేది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. ఎవరిదో క్లౌడ్ బ్యాకప్, కెమెరా రికార్డింగ్. రూటర్‌లో ట్రాఫిక్ పేజీ ఉంటే పేరుతో సహా దొరుకుతారు. బ్యాకప్‌లు రాత్రికి మార్చండి, లేదా వేగానికి పరిమితి పెట్టండి. విండోస్ అప్‌డేట్లకైతే డెలివరీ ఆప్టిమైజేషన్‌లో పక్క కంప్యూటర్ల నుంచి తీసుకునే వీలుంది, లోకల్ నెట్‌వర్క్ వరకే ఆన్ చేయండి.

వైఫై వాళ్లకే స్లో అయితే 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. 2.4లోనే ఉండాల్సివస్తే 1, 6, 11 చానళ్లలో ఒకటి వాడండి.

## 10. ఇప్పుడు రూటర్ రీస్టార్ట్, ఆ తర్వాత ఫోన్

ముందు రూటర్ స్టేటస్ పేజీ, లాగ్ ఫోటో తీసుకోండి. వాన్ ఐపీ ఉందా, 0.0.0.0 అని ఉందా చూడండి.

- అన్నీ ఆపి అర నిమిషం ఆగండి
- ముందు మోడెమ్ లేదా ఫైబర్ పెట్టె ఆన్ చేసి, లైట్లు నిలకడగా వచ్చేదాకా ఆగండి
- తర్వాత రూటర్, ఆ తర్వాత స్విచ్
- చివర్న ఒక్క కంప్యూటర్‌తో పరీక్షించండి

వెనకాల పిన్నుతో నొక్కే చిన్న రంధ్రం జోలికి వెళ్లకండి. అది రీస్టార్ట్ కాదు, ఫ్యాక్టరీ రీసెట్. పీపీపీఓఈ వివరాలతో సహా అన్నీ పోతాయి.

అయినా రాకపోతే ఫైబర్ పెట్టె నుంచి నేరుగా లాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి చూడండి. విండోస్ ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంచండి, పీపీపీఓఈ అయితే లాప్‌టాప్‌లో ఆ వివరాలతో డయల్ చేయాలి. అక్కడ వస్తే తప్పు మీ రూటర్‌ది. అక్కడా రాకపోతే కంపెనీకి ఫోన్ చేసి ఇవి చెప్పండి: కస్టమర్ నంబరు, ఎన్నింటికి పోయింది, ఫైబర్ పెట్టె మీద ఏ లైటు ఎర్రగా ఉంది, వాన్ ఐపీ వచ్చిందా లేదా, రూటర్ తీసేసి నేరుగా పెట్టినా రాలేదని. ఆ చివరి మాట ముందే చెబితే "రూటర్ ఆపి ఆన్ చేయండి సార్" అనే పదిహేను నిమిషాలు మిగులుతాయి. కంప్లయింట్ నంబరు తీసుకుని, రూటర్ మీదే చిన్న కాగితం అంటించి తేదీతో రాసిపెట్టండి.